వెన్నులో వెంట్రుకలు

మా చెల్లె పోలీసు యాక్షన్ జరిగిన ఏడాది పుట్టింది. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. మా ఇద్దరి మధ్య పుట్టిన ముగ్గురూ దక్కలేదు. అందుకే ఆ కాన్పు రోజు బాపు మగ్గం గుంటలో కూర్చున్నాడే గాని ఒక్క పోగు నేయలేదు. లోపలి అర్రలోంచి ఏడుపు వినబడ్డాక మంత్రసాని ముసలవ్వ నన్ను పిలిచి వేడినీళ్ల గిన్నె పట్టుకోమంది. బిడ్డను అరచేతి మీద బోర్లా వేసుకుని తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. నడుము కింద, సరిగ్గా మధ్యలో, ఆవగింజ పట్టేంత గుంట ఉంది. దాని చుట్టూ నాలుగైదు నల్లటి వెంట్రుకలు.

"ఏందది?" అని అవ్వ మంచంలోంచి అడిగింది. మేం అమ్మను అవ్వ అనే పిలిచేవాళ్లం.

"ఏం లేదు బిడ్డా. దేవుడు కుట్టుకుంట కుట్టుకుంట దారం కొస తెంపుడు మర్సిండు" అంది ముసలవ్వ.

అవ్వ నవ్వింది. ఆ నవ్వు నాకు గుర్తుంది. ముసలవ్వ ఇరవై ఒక్క రోజులు వచ్చి చెల్లెకు తానం పోసింది. ఒంటికంతా నూనె పెట్టి రుద్దేది గాని ఆ గుంట దగ్గర మాత్రం వేలు పక్కకు తీసేది. "గాడ ఒత్తద్దు" అని అవ్వకు చెప్పేది. ఎందుకని అడిగితే ఆమెకూ తెలియదు. వందల మంది పిల్లలను చేతుల్లోకి తీసుకున్న మనిషికి ఉండే జాగ్రత్త అది.

మాది మానేరు ఒడ్డున నేతవాళ్ల ఊరు. మా వాడలో ప్రతి ఇంట్లో మగ్గం ఉండేది, ప్రతి ఇంట్లో ఆడవాళ్లు రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేవాళ్లు. చెల్లె కూడా ఐదేళ్లకే రాట్నం తిప్పడం నేర్చింది. ఆ ఏడే ఆమెకు పెద్ద జ్వరం వచ్చింది. మెడ కొయ్యలా బిగుసుకుపోయి, వెలుతురు చూడలేక, దుప్పటి కిందే అరిచేది. ఆ గుంటలోంచి రెండు రోజులు చీము కారింది. తాలూకా దవాఖాన కాంపౌండర్ ఇంటికొచ్చి సూదులు వేశాడు. ఇరవై రోజులకు లేచి కూర్చుంది. జ్వరానికీ ఆ గుంటకూ సంబంధం ఉండొచ్చని మాలో ఎవరికీ తోచలేదు. కాంపౌండర్‌కు మేము ఆమె వీపు చూపించనే లేదు.

నాకు పదిహేనో ఏట పెళ్లయింది. నా భర్త మరమగ్గాల పనికి భివండి వెళ్లాడు. అత్తామామలు లేరు కాబట్టి, ఆయన అక్కడ గది చూసుకునేదాకా నన్ను పుట్టింట్లోనే ఉండమన్నాడు. ఆ గది చూసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. అందువల్లే చెల్లెకు జరిగిందంతా నా కళ్లముందే జరిగింది.

పన్నెండో ఏడు నిండేటప్పటికి చెల్లె నడకలో తేడా వచ్చింది. ఎడమ కాలు ఈడ్చేది. చెప్పు జారిపోతే తెలిసేది కాదు, ఒంటి చెప్పుతో ఇంటికొచ్చేది. మేం తిట్టేవాళ్లం. ఒక పొద్దున పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలు చేస్తోంది. కమురు వాసన వచ్చి నేను లోపలికి వెళ్లాను. పొయ్యిలోంచి జారిన నిప్పు కణిక ఆమె మడమకు ఆనుకుని ఉంది. తోలు కాలి పొగ లేస్తోంది. ఆమె మాత్రం పిండి తడుతూ పాట పాడుకుంటోంది.

"కాలు తియ్యవే!" అని అరిచాను.

ఆమె నా మొహం చూసింది, తరువాత కాలు చూసుకుంది. ఏడవలేదు. "అక్కా, నాకు సుర్రనలే" అంది మెల్లగా.

ఆ తరువాత నెల రోజుల్లో పక్క తడపడం మొదలైంది. పన్నెండేళ్ల పిల్ల. పొద్దున్నే అందరికంటే ముందు లేచి బొంత ఉతుక్కుని, వాకిట్లో కాకుండా దొడ్డి వెనక ఆరేసుకునేది. నాకు తెలుసని ఆమెకు తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తేవాళ్లం కాదు.

బాపు ఆమెను తిప్పని చోటు లేదు. ఒక హకీం తైలం ఇచ్చాడు. ఒకాయన తాయెత్తు కట్టాడు. పక్క ఊళ్లో వాతలు పెట్టే మనిషి నడుము మీద ఇనుప కడ్డీ కాల్చి మూడు గీతలు పెట్టాడు. అవ్వ ఆమె చేతులు పట్టుకుంది, నేను కాళ్లు పట్టుకున్నాను. పట్టుకోవాల్సిన అవసరం లేదు, ఆ కాళ్లు ఎటూ కదలలేదు. ముసలవ్వ ఆ సంగతి విని మా ఇంటికొచ్చి బాపును గట్టిగా మందలించింది.

"గా పిల్లను గిట్ల కాలుస్తరా? కర్నారం సర్కారు దవాఖానకు కొంచపోరాదు? నేను కాన్పులు చేస్తగని, గిది నాకు తెల్సిన ఇద్య కాదు. మీ హకీంది గూడ కాదు."

ఆమె మాట మీదే మేం కర్నారం, అంటే కరీంనగర్, వెళ్లాం. అక్కడి డాక్టరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన చిన్న వయసాయన. చెల్లె మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టాడు, అరికాళ్ల మీద తాళంచెవితో గీశాడు. బోర్లా పడుకోబెట్టి వీపు చూశాడు. వాత మచ్చల మధ్య ఆ గుంటను ముట్టుకోకుండా, వంగి దగ్గరగా చూశాడు.

"ఇది పుట్టినప్పటి నుంచీ ఉందా అండీ?"

"ఉన్నది సారు" అన్నాను.

"ఎప్పుడైనా పెద్ద జ్వరం వచ్చి మెడ బిగుసుకుపోయిందా?"

బాపూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏడెనిమిదేళ్ల కింద జరిగినది ఈయనకు ఎలా తెలిసింది అనుకున్నాం.

"దీన్ని ఎవరూ నొక్కొద్దు, కాల్చొద్దు, ఏమీ పుయ్యొద్దు. ఇది పైకి గుంటలా కనిపిస్తోంది గాని, లోపల వెన్నుపాము దాకా దారి ఉండి ఉంటుంది. హైదరాబాద్ తీసుకెళ్లండి. నేను ఉత్తరం రాసిస్తాను. ఆలస్యం చేయొద్దు."

నేను నాలుగో తరగతి దాకా ఉర్దూలో చదువుకున్నాను. పట్నం దవాఖానలో నర్సులతో, వార్డు మనుషులతో మాట్లాడటానికి పనికొస్తానని బాపు నన్నూ వెంట తీసుకెళ్లాడు. అవ్వ ఇంటి దగ్గరే ఉండాల్సింది, కాని బస్సు కదిలేటప్పుడు ఎక్కేసింది. చేతిలో గుడ్డ సంచి కూడా లేదు.

ఆ పెద్ద దవాఖానలో మేం నలభై ఎనిమిది రోజులు ఉన్నాం. మొదటి వారం పరీక్షలకే పోయింది. ఒకరోజు చెల్లెను చీకటి గదిలోకి తీసుకెళ్లి, వెన్నులోకి సూదితో ఏదో నూనెలాంటి మందు ఎక్కించి, ఫోటోలు తీశారు. బయటికి తెచ్చినప్పుడు ఆమె పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"అక్కా, నన్ను బల్లకు కట్టి తల కిందికి వంచిన్రు. మల్ల లేపిన్రు. మల్ల వంచిన్రు. నూనె కిందికి పాకుతుందట. ఒక్క కాడికొచ్చి ఆగిపోయిందట. డాక్టరు సాబ్ 'గిదే, గిదే' అన్నడు."

అక్కడి పెద్ద డాక్టరు వయసు మళ్లిన మనిషి. హైదరాబాదీ ఉర్దూ కలిసిన తెలుగు మాట్లాడేవాడు. ఆపరేషన్‌కు ముందు రోజు బాపును, అవ్వను, నన్ను తన గదికి పిలిచాడు. కుర్చీలు చూపించాడు. బాపు కూర్చోలేదు. అప్పుడాయన తానూ లేచి నిలబడ్డాడు.

"చూడండి, నేను సాఫ్ సాఫ్ చెప్తాను. లోపల ఒక తిత్తి ఉంది. వెన్నుపాము చివర. పుట్టుకతో వచ్చింది. ఇలాంటివి చాలా తక్కువ, నా చేతికి ఇప్పటిదాకా నాలుగో ఐదో వచ్చినై. తియ్యకపోతే రెండు కాళ్లూ పోతాయి. తీసినా పోవచ్చు. ప్రాణానికి కూడా భరోసా ఇవ్వలేను. ఆలోచించుకోండి."

బాపు కాగితం మీద బొటనవేలు పెట్టేముందు ఒక్క మాట అడిగాడు. "సారు, మీ బిడ్డయితే ఏం జేద్దురు?"

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చేసేవాణ్నే" అన్నాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్లారు. రక్తం కావాలంటే బాపు ఇచ్చి వచ్చి వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అవ్వ ఏమీ తినలేదు, నీళ్లు కూడా తాగలేదు. మధ్యాహ్నం దాటాక, రెండున్నరకో మూడింటికో తలుపు తెరుచుకుంది. డాక్టరు తెల్లటి పింగాణీ పళ్లెం పట్టుకుని తనే బయటికొచ్చాడు.

"బతికే ఉంది. కాళ్ల సంగతి కొన్ని రోజులు గడిస్తే గాని చెప్పలేను. ఇదిగో, ఇదే."

పళ్లెంలో పావురం గుడ్డంత ముద్ద ఉంది. తెల్లగా, అక్కడక్కడ పసుపుగా, మైనంలా ఉంది. దానిలో వెంట్రుకలు. పొట్టివి, నల్లటివి, ఒకదానికొకటి చుట్టుకుని, తడిసి ఉన్నాయి. అవ్వ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎంటికలు ఎట్లొచ్చినయి సారు లోపలికి?" అని నేనే అడిగాను.

ఆయన ఓపిగ్గా చెప్పాడు. కడుపులో బిడ్డ తయారయ్యే మొదటి రోజుల్లో తోలూ వెన్నుపామూ ఒకే పొరగా ఉంటాయట. తరువాత విడిపోవాలట. కొందరిలో పిసరంత తోలు లోపలే చిక్కుకుంటుంది. అది తోలు కాబట్టి, చీకట్లో ఉన్నా తన పని తాను చేసుకుంటూ పోతుంది. పొట్టు రాలుస్తుంది, నూనె ఊరుస్తుంది, వెంట్రుకలు మొలిపిస్తుంది. బయటికి పోయే తోవ లేక అంతా అక్కడే పోగుపడుతుంది. పదమూడేళ్లు పోగుపడి, వెన్నుపామును నొక్కింది.

"కడుపులనే అయిందా?" అని అవ్వ అడిగింది. ఆ నలభై ఎనిమిది రోజుల్లో ఆమె డాక్టరుతో మాట్లాడిన మాట అదొక్కటే.

"హా అమ్మా, కడుపులోనే. మీ గల్తీ ఏం లేదు."

రెండో మాట అవ్వ విన్నదో లేదో నాకు తెలియదు.

వారం తరువాత వార్డులో చెల్లె మంచం పక్కన నిలబడి ఆయన ఇంకోటి కూడా చెప్పాడు. తిత్తి పొర వెన్నుపాముకు తడి కాగితంలా అతుక్కుపోయిందట. లాగితే వెన్నుపామే చిరుగుతుంది. అందుకని అతుక్కున్నంత మేర అక్కడే వదిలేశాడు. "అది మళ్లీ పెరగొచ్చు. ఐదేళ్లకో, పదేళ్లకో. కాలు మొద్దుబారినా, పెద్ద జ్వరం వచ్చినా వెంటనే తీసుకురండి." బాపు తల ఊపాడు.

చెల్లె నాలుగు వారాలు బోర్లా పడుకుంది. పన్నెండో రోజు ఎడమ కాలి బొటనవేలు కదిలింది. నేను పరుగున వెళ్లి నర్సును పిలుచుకొచ్చాను. ఆమె కూడా నవ్వి, "ఫిర్ సే, బేటీ" అంది. చెల్లె మళ్లీ కదిపింది. ఇంటికొచ్చేటప్పటికి కర్ర పట్టుకుని నడుస్తోంది. పక్క తడపడం ఆగిపోయింది. బతికినన్ని రోజుల్లో ఆమె అంత సంతోషంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

ఊరికొచ్చిన మర్నాడు బావి దగ్గర ఆడవాళ్లందరూ నన్ను చుట్టుముట్టారు. పట్నం ఎట్లుంది, వెన్ను కోస్తే మనిషి ఎట్ల బతికింది, లోపల ఏం దొరికింది అని ఒకటే అడగడం. నాకు ఇరవై ఒక్క ఏళ్లు. నా మాట వినడానికి అంతమంది నిలబడటం అదే మొదటిసారి. నేను అన్నీ చెప్పాను. పళ్లెం చెప్పాను, మైనం చెప్పాను. "ఎంటికలున్నయి లోపల, గిన్ని!" అని వేళ్లు మడిచి చూపించాను. తోలు, పొర, కడుపులో బిడ్డ తయారయ్యే రోజులు, అవన్నీ కూడా చెప్పాననే అనుకుంటున్నాను. కాని వాళ్లు బిందెలు ఎత్తుకుని ఇళ్లకు తీసుకెళ్లింది వెంట్రుకల మాట ఒక్కటే.

మా వైపు బాణామతి భయం ఎంతటిదో బయటివాళ్లకు చెప్పడం కష్టం. మనిషి ఒంట్లోంచి వెంట్రుకలు, ముడులు, మైనం బయటపడ్డాయంటే ఎవరో మంత్రాలు చేశారనే అర్థం. మూడు రోజుల్లో వాడంతా ఒకే ప్రశ్న మిగిలింది, ఎవరు చేశారు? జవాబు దొరకడం కష్టం కాలేదు. చెల్లె పుట్టగానే చేతిలోకి తీసుకున్నదెవరు? ఆ గుంట దగ్గర ఎవరినీ ముట్టుకోనియ్యనిదెవరు? హకీం దగ్గరికి పోవద్దన్నదెవరు? ముసలవ్వ ఒంటరి మనిషి. భర్త ఎప్పుడో పోయాడు, ఉన్న ఒక్క కూతురిని గోదావరి అవతల ఖానాపూర్‌లో ఇచ్చింది. ఆ నెలలోనే మా వాడలో ఒకరింట్లో ఆమె చేసిన కాన్పులో బిడ్డ దక్కలేదు.

నేను ఆ మాట విన్న రోజు ఇంటికి పోయి అవ్వతో చెప్పాను. అవ్వ రాట్నం ముందు ఉంది.

"అవ్వా, ముసలవ్వ చేసిందంటున్నరు. నువ్వన్న చెప్పు. డాక్టరు సాబ్ ఏం చెప్పిండో నువ్వు ఇన్నవు గదా."

అవ్వ రాట్నం ఆపలేదు. "డాక్టరుకేం తెల్సు" అంది.

"గదేంది అవ్వా? నీ ముంగటనే చెప్పిండు గదా, కడుపులనే అయిందని."

రాట్నం ఆగింది. అవ్వ నా వైపు తిరిగింది. ఆమె మొహం అలా నేనెప్పుడూ చూడలేదు.

"కడుపుల అయిందంటే ఎవ్వరి కడుపుల? నా కడుపులనే గదా. ముగ్గుర్ని మన్నుల పెట్టిన. గీ పిల్లను గిట్ల కన్న. గదంత నా కడుపు చేసిందేనా? ఇంకొకలు చేసిన్రంటే నాకు జర ఊపిరి ఆడుతుంది బిడ్డా. ఆడనీ."

డాక్టరు మాట అవ్వను ఎంత కోసిందో ఆ రోజు దాకా నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే, బావి దగ్గర నోరు మూసుకునేదాన్నేమో. నేను బయటికొచ్చాను. అప్పుడైనా ముసలవ్వ దగ్గరికి వెళ్లి, కొన్నాళ్లు తన బిడ్డ దగ్గరికి పొమ్మని చెప్పి ఉండాల్సింది. పొద్దున చెప్దామనుకున్నాను. పొద్దున కండెల పని ఉంది. మధ్యాహ్నం చెప్దామనుకున్నాను.

మధ్యాహ్నం మగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. మా వాడలో పగటిపూట మగ్గాలు ఆగడమంటే ఎవరో చనిపోయినట్టు. నేను బయటికి పరిగెత్తాను. ముసలవ్వ ఇంటి ముందు పాతిక ముప్పై మంది మగవాళ్లు ఉన్నారు. అందరూ తెలిసినవాళ్లే. నన్ను ఎత్తుకుని తిప్పినవాళ్లు, మా పెళ్లికి పందిరి వేసినవాళ్లు. ఆమెను వాకిట్లో పడేసి ఇద్దరు చేతులు తొక్కిపట్టారు. మంత్రం పలకకుండా నోట్లో పళ్లు పీకేస్తారు. అది ఆ రోజుల్లో బాణామతికి వేసే శిక్ష. ఒకడి చేతిలో రాయి ఉంది. బిడ్డ దక్కని తండ్రే ఆ రాయి పట్టుకున్నది.

"ఆగున్రి! ఆమె ఏం జెయ్యలే! డాక్టరు చెప్పిండు!" అని అరిచాను.

ఒకాయన నన్ను పక్కకు నెట్టాడు. "నువ్వే గదా చెప్పినవ్, ఎంటికలు ఎల్లినయని. ఇప్పుడు డాక్టరంటవేంది?"

ఆ తరువాత జరిగినది నేను రాయను. చూశాను. అది చాలు.

ఆగింది చెల్లె వల్ల. ఎవరు చెప్పారో, కర్ర పట్టుకుని అంత దూరం నడిచి వచ్చింది. జనంలోకి దూరబోయి కాలు మడతపడి కింద పడింది. ఆమె పడగానే అందరూ వెనక్కి జరిగారు. ఎవరి కోసం ఇదంతా చేస్తున్నామనుకున్నారో ఆ పిల్లే మట్టిలో పాకుతూ ముసలవ్వ దగ్గరికి పోయి, తన ఓణీతో ఆమె నోరు అదిమిపట్టింది. తల ఎత్తలేదు. ఒక్కొక్కరే కదిలిపోయారు. కాసేపటికి ఒక ఇంట్లో మగ్గం మొదలైంది, తరువాత మరో ఇంట్లో.

రెండు రోజుల తరువాత పోలీసు జమేదారు వచ్చి ఇల్లిల్లూ అడిగాడు. ఆయన మా వాకిట్లోకి రాకముందే బాపు నన్ను లోపలికి పిలిచాడు.

"మనం గీ ఊళ్లెనే బతకాలె బిడ్డా. నీ చెల్లెకు రేపు ఇంకేమన్నయితే మోసేది గూడ వీళ్లే. చూడలే అని చెప్పు."

బాపు జీవితంలో నన్ను అబద్ధం చెప్పమన్నది ఆ ఒక్కసారే. నేను జమేదారుతో, బట్టలు ఉతకడానికి వాగుకు పోయానని, ఏమీ చూడలేదని చెప్పాను. ఆయన రాసుకున్నాడు. చెల్లె తలుపు పక్కనుంచి నన్ను చూసింది. ఆమెను చిన్నపిల్ల అని జమేదారు అడగనే లేదు.

ముసలవ్వను ఆమె బిడ్డ వచ్చి బండిలో తీసుకుపోయింది. అప్పటి నుంచి మా వాడలో కాన్పులకు పక్క ఊరి మంత్రసానిని పిలిచేవాళ్లు.

రెండేళ్లు గడిచాయి. చెల్లె కర్ర లేకుండా నడిచేది, ఎడమ కాలు కొంచెం ఈడ్చేది, అంతే. ఒకరోజు నాతో అంది, "అక్కా, నాకు నడక ఉన్నప్పుడే ముసలవ్వను సూడాలె." నడక పోతుందని ఎవరన్నారని కసిరాను. "డాక్టరు సాబ్ చెప్పింది నేను ఇన్న. బోర్లా పండుకుంటే చెవులు పనిజెయ్యయా?" అంది.

ఇంట్లో కరీంనగర్ దవాఖానకని చెప్పి, మెట్‌పల్లి మీదుగా నిర్మల్ బస్సెక్కి, అక్కడినుంచి ఖానాపూర్ వెళ్లాం. ముసలవ్వ బిడ్డ మమ్మల్ని గుర్తుపట్టి గుమ్మానికి అడ్డం నిలబడింది. లోపలినుంచి ముసలవ్వ, "ఎవలే?" అంది. మాట ముద్దగా వచ్చింది. చెల్లె బదులు చెప్పకుండా ఆమె బిడ్డ పక్కనుంచి లోపలికి నడిచింది.

ముసలవ్వ సగానికి సగం అయింది. బుగ్గలు లోపలికి పోయాయి, పై పెదవి మీద మచ్చ. చెల్లె నడిచి రావడం చూసి చేతులు చాచింది. దగ్గర కూర్చోబెట్టుకుని రవిక వెనక పైకి జరిపి, వేళ్లతో గాటు పొడుగునా తడిమింది. కుట్లు ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నట్టు తడిమింది.

"మంచిగ కుట్టిండు. ఎవ్వడో గని, చెయ్యి మంచిది" అంది.

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని చెప్పాల్సిందంతా చెప్పాను. బావి దగ్గర వాగింది నేనేనని, తెలిసి కూడా ఆ పొద్దున రాలేదని, జమేదారుకు అబద్ధం చెప్పానని. ఆమె విన్నది.

"ఎర్కే" అంది. చెల్లె రవిక సర్దుతూ అంది, "నొప్పి కంటె గదే ఎక్కువ బాధనిపించింది బిడ్డా. మీ ఇంట్లకెల్లి ఒక్కలన్న అత్తరనుకున్న. గీ పిల్ల ఒక్కతే అచ్చింది."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. సాయంత్రం బస్సుకు వచ్చేశాం.

ఆపరేషన్ జరిగిన ఐదో ఏడు దాటాక చెల్లెకు కుడి కాలు మొద్దుబారింది. ఈసారి ఆలస్యం చేయలేదు. వారంలోపే హైదరాబాద్ చేరాం. పాత డాక్టరు రిటైరైపోయాడు. కొత్తాయన పాత కాగితాలన్నీ చదివి, "మొదటిసారి కంటే రెండోసారి కష్టం. లోపల అంతా మచ్చకట్టి ఉంటుంది. ఏది తిత్తి, ఏది నరం అన్నది విడదీయడమే కష్టం" అన్నాడు. ఏడు గంటలు చేశారు. చెల్లె కళ్లు తెరిచి మొదట అడిగింది, "అక్కా, నా కాళ్ల మీద చెయ్యి పెట్టినవా?"

నా రెండు చేతులూ ఆమె మోకాళ్ల మీదే ఉన్నాయి.

"ఇంకా పెట్టలే" అన్నాను. ఆమెకు నమ్మకం కలగలేదు. కళ్లు మూసుకుంది.

ఆ కాళ్లు మళ్లీ కదలలేదు. మూత్రానికి రబ్బరు గొట్టం పెట్టి ఇంటికి పంపారు. గొట్టం ఎలా మరిగించాలో, ఎలా మార్చాలో నర్సు నాకు నేర్పింది. చెల్లె ఏడాదిన్నర మంచంలో ఉంది. పక్కకు ఒత్తిగిలించి దిండ్లు పెడితే రాట్నం తిప్పుతానని పట్టుబట్టేది, కొన్ని కండెలు చుట్టేది కూడా. రెండు గంటలకోసారి ఆమెను అటూ ఇటూ తిప్పాలి. ఆ పని అవ్వ ఎవరికీ ఇవ్వలేదు. ఎంత తిప్పినా నడుము దగ్గర పుండ్లు పడ్డాయి. ఒక పుండులో ఎముక కనిపించేది. చెల్లెకు నొప్పి తెలిసేది కాదు. వాసన మాత్రం తెలిసేది. ఎవరైనా చూడటానికొస్తే ఊదుబత్తి ముట్టించమనేది.

ఆ వేసవిలో ఒకనాడు అవ్వ పుండు కడుగుతూ కడుగుతూ చేతిలో గుడ్డ కింద పెట్టి, నన్ను చూసి అడిగింది. "ఖానాపూర్‌కు ఏ బస్సు?"

చెల్లె, నేను మొహమొహాలు చూసుకున్నాం. మేం వెళ్లిన సంగతి ఆమెకు ఎప్పటినుంచి తెలుసో ఇప్పటికీ నాకు తెలియదు. నేను బస్సు చెప్పాను. తోడు వస్తానన్నాను.

"నువ్వు పిల్ల కాడ ఉండు. రెండు గంటలకోసారి తిప్పు" అంది.

అప్పటిదాకా ఒంటరిగా ఊరు దాటని మనిషి మర్నాడు పొద్దున్నే బయలుదేరింది. ఆ మరుసటి రోజు మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. కాళ్లు కడుక్కుని, నేరుగా చెల్లె దగ్గరికి పోయి పక్క మార్చింది. నేను వెనకాలే నిలబడి, కలిసిందా, ఏమన్నది, ఏం మాట్లాడుకున్నరు అని అడుగుతూనే ఉన్నాను.

"ఏం మాట్లాడలే" అంది అవ్వ. "జొన్నరొట్టె చేసి పెట్టింది. ఆమె నమలలేదు గదా, తనది పాలల్ల నానేసుకున్నది. నాకు వేడివేడిది ఇచ్చింది. తిన్న."

చెల్లె దిండులోకి మొహం తిప్పుకుని ఉంది. "అవ్వా, ఇంకో దిక్కు తిప్పు" అంది. అవ్వ నడుము కింద చేయి వేసి తిప్పింది.

వర్షాలు మొదలైన పదో రోజున చెల్లెకు చలిజ్వరం వచ్చింది. మూత్రంలో రక్తం పడింది. కరీంనగర్ తీసుకెళ్లడానికి బాపు బండి మాట్లాడి వచ్చేలోపే పోయింది. ఇరవై ఏళ్లు నిండటానికి మూడు నెలలు తక్కువ. పాడె మోయడానికి వాడలో మగవాళ్లందరూ వచ్చారు. బాపు వద్దనలేదు.